ఓరియంటల్ లిల్లీయా, వేరే లిల్లీయా? నల్లగొండ, పాలమూరు ఇళ్లకు ఎంపిక సలహా

ఫొటో చూసి లిల్లీ గడ్డలు ఆర్డర్ పెట్టేముందు మూడు సంగతులు తేల్చుకోండి. మొక్కకు పోసే నీళ్లు ఎక్కడివి? గడ్డలు చేతికి ఏ తేదీకి వస్తాయి? ఒక్క చలికాలం పూస్తే చాలా, ఏటా పూయాలా? ఈ మూడింటి జవాబును బట్టే రకం ఎంచుకోవాలి. రంగు, వాసన తర్వాత చూసుకోవచ్చు.

బోరు నీళ్లు తప్ప వేరే దారి లేకపోతే ఓరియంటల్ లిల్లీ జోలికి వెళ్లకండి. వాన నీళ్లో, భగీరథ నల్లా నీళ్లో ఉండి, నవంబర్ మొదటి వారానికి గడ్డలు చేతిలో పడితే కుండీలో వేసుకోండి. శివరాత్రి ముందూ వెనకా ఇల్లంతా గుబాళించేలా పూస్తుంది. నేలలో నాటి ఏటా పూయించుకుందామంటే మాత్రం మన దగ్గర అయ్యే పని కాదు. దానికి వేరే మొక్కలున్నాయి, వాటి సంగతి చివర్లో.

అంగడిలో తూకానికి అమ్మే, దండల్లో కట్టే తెల్లటి ‘లిల్లీ’ నేలసంపెంగ. ఓరియంటల్‌కూ దానికీ చుట్టరికం లేదు. నర్సరీలో ‘లిల్లీ గడ్డలు’ అని అడిగితే ఎక్కువగా చేతిలో పెట్టేది దాన్నే. కొనేటప్పుడు రకం పేరు చెప్పి అడగండి.

అసలు లిల్లీల్లో ఏది ఎలాంటిది

ఆన్‌లైన్‌లో దొరికే అసలు లిల్లీలు ముఖ్యంగా నాలుగు గుంపులు: ఏషియాటిక్, ఎల్ఏ, ఓటీ, ఓరియంటల్. వీటి మధ్య మనకు పనికొచ్చే తేడా నాటిన నాటి నుంచి పూసేదాకా పట్టే రోజులు.

ఏషియాటిక్ 60 నుంచి 75 రోజుల్లో పూస్తుంది. వాసన ఉండదు. పసుపు, నారింజ, ఎరుపు, గులాబీ, రంగులకు కొదవలేదు. మట్టి పీహెచ్ (పులుపు, క్షారం చెప్పే కొలత) 6 నుంచి 7 మధ్య ఉంటే చాలు కాబట్టి మన ఎర్ర చల్కా మట్టి కలిపినా సర్దుకుంటుంది. దీనికి వెలుతురు మాత్రం బాగా కావాలి. వరండా మూలలో పెడితే మొగ్గ వేలి కొసంత ఉండగానే తెల్లబడి రాలిపోతుంది.

ఎల్ఏ రకాలు ఏషియాటిక్‌ను ఈస్టర్ లిల్లీతో కలిపి తీసినవి. పువ్వు పెద్దది, కాడ గట్టిది, ఎండను ఏషియాటిక్ కంటే కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. మొదటిసారి పెంచేవాళ్లకు, మిర్యాలగూడ, గద్వాల లాంటి వేడి చోట్ల ఉండేవాళ్లకు అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఎల్ఏ గురించే. ఆ ఫొటోలకు ఓరియంటల్ ఫొటోలంత హంగు ఉండదు కాబట్టి ఎవరూ అడగరు.

ఓరియంటల్ 95 నుంచి 115 రోజులు తీసుకుంటుంది. జపాన్ కొండల్లో చల్లటి ఆకుమట్టిలో పెరిగే అడవి లిల్లీల సంతతి ఇది. అందుకే పులుపు మట్టి (పీహెచ్ 5.5 నుంచి 6.5), చల్లటి వేళ్లు, ఉప్పు లేని నీళ్లు అడుగుతుంది. జానెడు పువ్వు, ఘాటైన సువాసన దీనికే సొంతం.

ఓటీ రకాలు ఓరియంటల్‌ను ట్రంపెట్ లిల్లీతో కలిపి తీసినవి. వాసన ఉంటుంది, వేడినీ మట్టి తేడానూ ఓరియంటల్ కంటే బాగా తట్టుకుంటాయి, వారం పది రోజులు ముందే పూస్తాయి. ‘యెల్లోవీన్’, ‘కాంకా డోర్’, ‘రోబినా’ ఈ గుంపువే. ఎత్తు మూడు నాలుగు అడుగులు పోతుంది కాబట్టి పెద్ద కుండీ, ఊతకర్ర తప్పవు. వాసనే కావాలి, ఓరియంటల్ మీద పట్టుదల లేదు అనుకునేవాళ్లు ఓటీ తీసుకుంటే నష్టం తక్కువ.

ఓరియంటలే కావాలంటే పేరు చూసి కొనండి. ‘కాసా బ్లాంకా’, ‘సైబీరియా’ రెండూ తెల్లగా అందంగా ఉంటాయి కానీ ఆలస్యంగా పూసేవి. మార్చి ఎండలో మొగ్గతో దొరికిపోతాయి. గులాబీ రంగు ‘స్టార్‌గేజర్’ పొట్టిగా, పైకి చూస్తూ పూస్తుంది, కుండీకి బాగా కుదురుతుంది. దానికి ఆకు మాడే గుణం ఉంది, అది కింద చెప్తాం. ‘ఓరియంటల్ మిక్స్’ అని పేరు లేకుండా అమ్మేవి కొనకండి. ఏది ఎన్ని రోజులకు పూస్తుందో తెలియకపోతే నాటే తేదీ లెక్క తప్పుతుంది.

గడ్డ సైజు

ప్యాకెట్ మీద 14/16, 16/18 అని ఉంటుంది. అది గడ్డ చుట్టుకొలత, సెంటీమీటర్లలో. ఏషియాటిక్, ఎల్ఏకు 12/14 చాలు, నాలుగైదు మొగ్గలొస్తాయి. ఓరియంటల్‌కు 16/18 సరైన సైజు, మూడు నుంచి ఐదు మొగ్గలు. 20 పైన ఉన్నది ఎక్కువ డబ్బు పెట్టి కొనడం అనవసరం. పెద్ద గడ్డల్లోనే ఆకు మాడడం ఎక్కువ. 12/14 ఓరియంటల్ చవగ్గా దొరుకుతుంది కానీ ఒకటో రెండో పూలతో సరిపెడుతుంది. ధర పోల్చేటప్పుడు గడ్డకు ఎంత అని కాకుండా మొగ్గకు ఎంత పడుతోందో చూడండి.

చేతికి వచ్చాక గడ్డను వేళ్లతో నొక్కి చూడండి. గట్టిగా ఉండాలి, అడుగున కండగల వేళ్లు మిగిలి ఉండాలి. లిల్లీ గడ్డకు ఉల్లిగడ్డలా పైన ఎండు పొర ఉండదు, పొలుసులు ఎల్లిగడ్డ పాయల్లా బయటికే కనిపిస్తాయి. అందుకే రెండు రోజులు గాలికి వదిలేస్తే వాడిపోతుంది. పొలుసుల మీద నీలి ఆకుపచ్చ బూజు కాస్త ఉన్నా భయం లేదు, తుడిచేయండి. అడుగు భాగం గోధుమ రంగులోకి తిరిగి మెత్తబడితే అది కుళ్లు, తిప్పి పంపండి. మొలక రెండు అంగుళాలు దాటి వంకర తిరిగి ఉంటే గోదాములో ఎక్కువ రోజులు పడి ఉందని అర్థం.

నీళ్లు: ఇక్కడ అసలు చిక్కు ఇదే

మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సంగతి కొత్తగా చెప్పేది కాదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి దేశదేశాల్లో నల్లగొండ పేరే ఉంది. ఆ ఫ్లోరైడ్ మనుషుల ఎముకలనే కాదు, లిల్లీ ఆకులనూ పట్టుకుంటుంది. నీళ్లతో పాటు ఆకులోకి ఎక్కి కొసలో పేరుకుపోతుంది. నీరు ఆవిరైపోతుంది, ఫ్లోరైడ్ అక్కడే ఉండిపోతుంది. కింది ఆకుల కొస అర్ధచంద్రాకారంలో మాడుతుంది.

మట్టి పులుపుగా ఉన్నకొద్దీ ఫ్లోరైడ్ వేళ్లకు ఎక్కువగా అందుతుంది. సున్నం ఉన్న మట్టిలో తక్కువగా అందుతుంది. ఓరియంటల్‌కు కావాల్సిందేమో పులుపు మట్టి. అంటే దానికి నచ్చినట్టు మట్టి తయారు చేసి ఫ్లోరైడ్ బోరు నీళ్లు పోస్తే చేతులారా విషం పెట్టినట్టే. పోనీ మట్టిని సున్నం వైపు తిప్పుదామా అంటే ఇనుము అందక కొత్త ఆకులు పసుపెక్కుతాయి. ఈ రెండింటి మధ్య ఓరియంటల్‌ను నిలబెట్టడం మందులతో అయ్యే పని కాదు, నీళ్లు మార్చాలి.

ఫ్లోరైడ్ లేని ఊళ్లలోనూ బోరు నీళ్లు చాలావరకు ఉప్పు నీళ్లే. లిల్లీకి నీళ్ల ఈసీ (ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) 0.5 మించకూడదు. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటరుతో చూస్తే సుమారు 300 లోపు. చాలా బోర్లు దీనికి రెండు మూడింతలు చూపిస్తాయి. 300 దాటితే ఓరియంటల్ వద్దు. 300 నుంచి 500 మధ్య, ఫ్లోరైడ్ కూడా లేదంటే ఎల్ఏ వేసుకోవచ్చు. నీళ్లు, మట్టి పరీక్ష గురించి నల్లగొండ వాళ్లు కంపాసాగర్ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో, నాగర్‌కర్నూల్ వాళ్లు పాలెం కేవీకేలో అడిగి తెలుసుకోవచ్చు.

ఎన్ని నీళ్లు కావాలో లెక్కేస్తే భయపడేంత లేదు. పన్నెండు అంగుళాల కుండీకి మొదటి మూడు వారాలు మూడు రోజులకోసారి ఒక లీటరు, తర్వాత రోజు మార్చి రోజు, మొగ్గ కట్టాక రోజూ. మొత్తం పంటకు 70 లీటర్ల దగ్గర పడుతుంది. 200 లీటర్ల డ్రమ్ము నిండా వాన నీళ్లుంటే మూడు కుండీలు దాదాపు గట్టెక్కుతాయి. సెప్టెంబర్ వానలకే స్లాబు పైపు కింద డ్రమ్ము పెట్టి, మొదటి వాన నీళ్లు వదిలేసి, రెండో వాన నుంచి పట్టండి. దోమలు చేరకుండా గుడ్డ కట్టి మూత వేయాలి. ఫిల్టర్ నుంచి వచ్చే ఆర్వో నీళ్లు కూడా పనికొస్తాయి. ఆ ఫిల్టర్ బయటికి వదిలే నీళ్లు మాత్రం పోయకండి, ఉప్పూ ఫ్లోరైడూ అందులోనే చేరి ఉంటాయి.

నీళ్లు ఉప్పగా లేవు, ఫ్లోరైడ్ లేదు, క్షారం మాత్రమే ఎక్కువ అంటే నిమ్మ ఉప్పుతో సరిచేయొచ్చు. పది లీటర్లకు ఒక గ్రాము వేసి కలిపి పీహెచ్ పేపర్‌తో చూడండి. 6.5 దగ్గరికి వచ్చేదాకా కొద్దికొద్దిగా పెంచండి, మామూలుగా రెండు గ్రాములు దాటదు. ఇది క్షారాన్ని మాత్రమే విరుస్తుంది.

తేదీల లెక్క

‘శివరాత్రికి చలి శివ శివా అని పోతుంది’ అనేది ఓరియంటల్ విషయంలో అక్షరాలా నిజం. నవంబర్ 5న నాటారనుకోండి. ఏషియాటిక్, ఎల్ఏ సంక్రాంతి ముందూ వెనకా పూతకొచ్చి జనవరి నెలాఖరుకల్లా పూర్తి చేస్తాయి. పగలు 30 డిగ్రీలు, రాత్రి 16-18, వాటికి ఇబ్బంది లేదు. ఓటీ ఫిబ్రవరి మొదటి పక్షం. ఓరియంటల్ ఫిబ్రవరి రెండో వారం నుంచి నెలాఖరు వరకు. అప్పటికే పగలు 33-35 డిగ్రీలు పట్టి ఉంటుంది. ఎనిమిది పది రోజులు నిలవాల్సిన పువ్వు ఆరు రోజులు నిలిస్తే మేలే.

అదే గడ్డ డిసెంబర్ 10న నాటితే? ఓరియంటల్ మొగ్గ మార్చి మూడో వారం నుంచి విచ్చాలి. అప్పటికి పాలమూరులో పగలు 38. మొగ్గలు చిన్నవైపోతాయి, రేకుల అంచు కాలుతుంది, కొన్ని విచ్చకుండానే ఎండిపోతాయి. కాబట్టి ఓరియంటల్‌కు నవంబర్ 15 గడువు. ఆ తర్వాత పార్సిల్ వస్తే, ఎంత తగ్గింపు ధర ఉన్నా సరే, తీసుకోకండి. ఎల్ఏ, ఏషియాటిక్‌కు డిసెంబర్ 10 దాకా సమయం ఉంది.

మరీ ముందు నాటినా తంటానే. దసరా తర్వాత అక్టోబర్‌లో మట్టి ఇంకా వేడిగా ఉంటుంది. గడ్డ వేరు పట్టకముందే కాడ తన్నుకొచ్చి బక్కగా పెరుగుతుంది. దీపావళి దాటాక, తెల్లవారుజామున దుప్పటి కప్పుకోవాల్సి వచ్చినప్పుడు నాటడం సరైన అదను. బతుకమ్మ రోజుల్లో ఆర్డర్ పెట్టి, నవంబర్ మొదటి వారంలో పంపమని అడగండి. అమ్రాబాద్, మన్ననూరు వైపు నల్లమల మీద రాత్రి చలి ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లకు పది రోజుల వెసులుబాటు ఉంటుంది.

ఇంకో మాట, గడ్డకు చలి నిద్ర ముందే అయి ఉండాలి. ఏషియాటిక్‌కు ఆరు వారాలు, ఓరియంటల్‌కు ఎనిమిది నుంచి పది వారాలు 2-5 డిగ్రీల్లో ఉంచితేనే మొలక సరిగ్గా లేచి మొగ్గ కడుతుంది. దిగుమతి గడ్డలకు అది చేసే పంపుతారు. కోల్డ్ స్టోరేజీ నుంచి వచ్చినవా కాదా అని అమ్మేవాళ్లను అడగాలి. మన చలికాలం ఆ పని చేయలేదు.

కుండీ, మట్టి, నాటడం

నేలలో వద్దు, కుండీలోనే పెంచండి. గద్వాల, నారాయణపేట వైపు రేగడిలో నీరు నిలిచి గడ్డ కుళ్లుతుంది. దేవరకొండ, జడ్చర్ల వైపు చల్కాలో నీరు బాగానే ఇంకుతుంది కానీ పులుపు ఉండదు. ప్లాస్టిక్ కుండీ కంటే మట్టి గోలెం మేలు. గోడలోంచి తేమ ఆరి వేళ్లు రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటాయి. ప్లాస్టిక్కే ఉంటే తెల్లదో, సున్నం పూసిందో వాడండి, నల్లది వద్దు. పన్నెండు అంగుళాల వెడల్పు, అంతే లోతు, అడుగున నాలుగైదు రంధ్రాలు. అందులో మూడు గడ్డలు. ఓటీ అయితే పద్నాలుగు అంగుళాల కుండీ.

మట్టి మిశ్రమం: కడిగిన కోకోపీట్ రెండు పాళ్లు, జల్లించిన ఎర్రమట్టి ఒక పాలు, సగం కాలిన వరి ఊక ఒక పాలు, వర్మీకంపోస్ట్ అర పాలు. ఏషియాటిక్, ఎల్ఏకు ఎర్రమట్టి రెండు పాళ్లు వేసినా నడుస్తుంది. కోకోపీట్ ఇటుకను మంచి నీళ్లలో నానబెట్టి పిండి, మళ్లీ నానబెట్టి పిండండి, అందులోని ఉప్పు పోవాలి. బోరు నీళ్లతో కడిగితే కడగనట్టే. పెర్లైట్ వేయమని చాలామంది చెప్తారు. అందులోనూ కొంత ఫ్లోరైడ్ ఉంటుంది, ఊక ఉండగా దానితో పనిలేదు. అదే కారణంతో సూపర్ ఫాస్ఫేట్ కూడా దగ్గరికి రానీయకండి, ఆ ఎరువులో ఫ్లోరైడ్ బాగానే ఉంటుంది. పచ్చి పెంట వేస్తే గడ్డకు బూజు, వేరుపురుగు రెండూ వస్తాయి.

నాటే రోజు బూజు మందులు కార్బెండజిమ్ లీటరుకు ఒక గ్రాము, మాంకోజెబ్ రెండు గ్రాములు కలిపిన నీళ్లలో గడ్డలను ఇరవై నిమిషాలు ముంచి తీయండి. చేతికి గ్లవ్స్ వేసుకోండి. కుండీలో ఐదారు అంగుళాల మందం మట్టి పోసి, గడ్డలను మొలక పైకి ఉండేలా పెట్టి, పైన నాలుగు అంగుళాల మట్టి కప్పండి. ఈ నాలుగు అంగుళాలు ఊరికే చెప్పింది కాదు. గడ్డ అడుగు వేళ్లు మొదటి మూడు వారాలే మొక్కను సాకుతాయి. ఆ తర్వాత గడ్డకూ నేల పైభాగానికీ మధ్య కాడ నుంచే కొత్త వేళ్లు పుడతాయి, మొక్క తిండి చాలావరకు వాటిదే. పైపైన నాటితే ఆ వేళ్లకు చోటుండదు, మొగ్గ కట్టే వేళకు మొక్క ఆకలితో ఆగిపోతుంది.

నాటిన కుండీని రెండు వారాలకు పైగా ఇంట్లో కింది అంతస్తులో చల్లటి చీకటి గదిలో ఉంచండి. మొలక మూడు అంగుళాలు రాగానే బయటికి తెచ్చి ఇటుకల మీద పెట్టండి. పొద్దున పదకొండు దాకా ఎండ, తర్వాత నీడ ఉండే తూర్పు వైపు మంచిది. మట్టి మీద రెండు అంగుళాల వరిగడ్డి పరవండి. ఫిబ్రవరి మొదలవగానే పగటిపూట యాభై శాతం షేడ్‌నెట్. జనవరిలోనే నెట్ కింద పెడితే కాడ సాగి వంగిపోతుంది.

ఎరువు మొదటి మూడు వారాలు అక్కర్లేదు. తర్వాత ఒక వారం 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉన్న ఎరువు), మరో వారం కాల్షియం నైట్రేట్, ఏదైనా లీటరుకు ఒకటిన్నర గ్రాము. రెండూ ఒకే బకెట్‌లో కలపొద్దు, తెల్లగా పేరుకుని రెండూ వృథా. మొగ్గ కనిపించాక 13:0:45 (పొటాషియం నైట్రేట్) లీటరుకు రెండు గ్రాములు. మొగ్గకు రంగు తిరిగితే ఆపేయండి.

ఆకు చూసి జబ్బు చెప్పడం

ఆకు మాడింది అనగానే అందరూ మందు కొడతారు. ముందు ఎక్కడ మాడిందో చూడండి.

కింది, ముదురు ఆకుల కొస నుంచి మొదలై లోపలికి పాకుతూ, మాడినదానికీ పచ్చదానికీ మధ్య గీత గీసినట్టుంటే ఫ్లోరైడ్ లేదా ఉప్పు. కుండీలో మట్టి తడిసి అడుగు నుంచి కారేలా రెండు మూడు లీటర్ల మంచి నీళ్లు ఒకేసారి పోసి కడగండి, నీళ్లు మార్చండి. మాడిన కొస తిరిగి పచ్చబడదు.

పై ఆకులు, మొగ్గలు కనిపించడానికి కాస్త ముందు, లోపలికి ముడుచుకుని మధ్యలో తెల్లటి గోధుమ మచ్చలతో మాడితే కాల్షియం అందలేదు. మట్టిలో కాల్షియం ఉన్నా, వేళ్లు తక్కువై ఆకులు ఒక్కసారి పెరిగినప్పుడు ఇది వస్తుంది. స్టార్‌గేజర్‌లో, పెద్ద గడ్డల్లో ఎక్కువ. మబ్బు పట్టి రెండు మూడు రోజులున్నాక ఒక్కసారి ఎండ కాస్తే చూస్తుండగానే వచ్చేస్తుంది. కాల్షియం నైట్రేట్ లీటరుకు రెండు గ్రాములు సాయంత్రం ఆకుల మీద పిచికారీ చేయండి, ఆ రెండు రోజులు నీడలో పెట్టండి.

పై ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం, అంటే మట్టి క్షారం. చిలేటెడ్ ఐరన్ కొనేటప్పుడు ఈడీడీహెచ్ఏ అని రాసి ఉన్నది అడగండి. మామూలు ఈడీటీఏ క్షారపు మట్టిలో ఎక్కువసేపు నిలవదు.

మంచు పట్టే డిసెంబర్ ఉదయాల్లో ఆకు మీద గుండ్రటి గోధుమ మచ్చలు వస్తే బొట్రైటిస్ బూజు. ఆకులు తడపకుండా మొక్క మొదలు దగ్గరే నీళ్లు పోస్తే చాలావరకు రాదు. మొగ్గల మీద పేనుబంక చేరితే వేపనూనె లీటరుకు ఐదు మిల్లీలీటర్లు, కాస్త సబ్బుతో.

పువ్వు విచ్చగానే కేసరాల కొసనున్న పుప్పొడి తిత్తులను చేత్తో తుంచేయండి, పుప్పొడి రాలి పువ్వుకు, బట్టలకు మరక పడదు. పుప్పొడి బట్టల మీద పడితే నీళ్లు తగలనీయకుండా సెల్లోటేప్‌తో ఎత్తండి. ఇంట్లో పిల్లి ఉంటే ఈ నాలుగు గుంపుల్లో ఏదీ వద్దు. ఆకు కొరికినా, ఒంటి మీద పడ్డ పుప్పొడి నాకినా పిల్లి కిడ్నీలు పోతాయి. రాత్రి తలుపులేసిన పడకగదిలో ఓరియంటల్ కుండీ పెట్టకండి, ఆ వాసనకు చాలామందికి తలనొప్పి వస్తుంది.

ఏటా పూయాలంటే

వాసన కావాలి, నేలలో ఉండాలి, బోరు నీళ్లే దిక్కు. వీళ్లకు నేలసంపెంగను మించింది లేదు. బెంగళూరు ఐఐహెచ్ఆర్ (ఉద్యాన పరిశోధన సంస్థ) వాళ్లు ఇచ్చిన ‘ప్రజ్వల్’, ‘శృంగార్’ ఒంటిరేకు రకాలు, దండలకూ వాసనకూ ఇవే. ‘సువాసిని’, ‘వైభవ్’ ముద్దపూలు, కాడతో కోసి పెట్టుకోవడానికి. పాతిక గ్రాముల పైన బరువున్న గడ్డలు తీసుకుని, మృగశిర కార్తెలో వానలు పడగానే అడుగుకు ఒకటి చొప్పున రెండు అంగుళాల లోతులో నాటండి. మూడు నెలలకు, బతుకమ్మ నాటికి పూలు మొదలు. పీహెచ్ 8 దగ్గర ఉన్నా నెట్టుకొస్తుంది. మూడేళ్లు కదిలించక్కర్లేదు, తర్వాత తవ్వి విడదీయాలి, లేకపోతే గుబురుగా పెరిగి పూత తగ్గుతుంది. నులిపురుగు ఉన్న టమాట, వంగ మడిలో నాటకండి.

పెద్ద పువ్వు, కంటికి నిండుగా ఉండాలి, వాసన లేకున్నా సరే అంటే అమరిల్లిస్ పేరుతో అమ్మే హిప్పియాస్ట్రమ్. దీనికి చలి నిద్రతో పనిలేదు. గడ్డలో మూడో వంతు పైకి కనిపించేలా ఇరుకు కుండీలో నాటి, నవంబర్, డిసెంబర్‌లో నీళ్లు బాగా తగ్గిస్తే ఫిబ్రవరి నుంచి కాడ లేస్తుంది. ఏడాదికేడాది గడ్డ పెరుగుతుందే గానీ తరగదు. ఓరియంటల్ మీద పెట్టే డబ్బులో సగం దీని మీద పెడితే పదేళ్లు పూస్తుంది. రాని పూల కోసం తంటాలు పడేవాళ్లు ముందు దీన్ని పెంచి చూడాలి.

రేగడి నేల, నీళ్లు నిలిచే మూల ఉంటే స్పైడర్ లిల్లీ లేదా క్రైనమ్ వేసి మరిచిపోవచ్చు. వాన లిల్లీ దారి అంచులకు. ఫుట్‌బాల్ లిల్లీ మే నెలలో ఎండలు మండుతుండగా ఎర్రటి బంతిలా లేస్తుంది. నల్లమలలో వానాకాలం తీగసాగే అడవినాభి పువ్వు అందమైనదే గానీ దాని గడ్డ ప్రాణం తీసే విషం. పిల్లలు, పశువులు తిరిగే ఇంట్లో వద్దు. వానాకాలంలో ఈ గడ్డ మొక్కల మీద నల్లటి ఒంటిపై తెలుపు, ఎరుపు చుక్కలున్న గొంగళిపురుగు గుంపుగా పడి రెండు రాత్రుల్లో ఆకులు దులిపేస్తుంది. చేత్తో ఏరి సబ్బు నీళ్లలో వేయడమే సులువు.

పూత అయ్యాక ఓరియంటల్ గడ్డను ఏం చేయాలి

వాడిన పూలు తుంచి, కాడను ఆకులతో సహా ఉంచి నీళ్లు పోస్తూ పోతే గడ్డ మళ్లీ ఊరుతుందని పుస్తకాల్లో ఉంటుంది. దానికి కనీసం రెండు నెలలు పచ్చటి ఆకులు, ఓ మోస్తరు చల్లదనం కావాలి. మన దగ్గర ఉగాదికే ఆకులు ఎండిపోతాయి. ఏప్రిల్‌లో తవ్వితే గడ్డ నాటినప్పటి కంటే చిన్నదై ఉంటుంది. దాన్ని నవంబర్ దాకా ఏడు నెలలు దాచాలి. దిగుమతి వ్యాపారులు సున్నాకు ఒకటి రెండు డిగ్రీల కింద గడ్డకట్టించి దాస్తారు. ఇంటి ఫ్రిజ్ కూరగాయల అరలో 5-8 డిగ్రీలుంటుంది, అక్కడ మూడు నెలలకే మొలక లేస్తుంది. ఆగస్టులో మొలిచిన ఓరియంటల్‌ను ఏం చేయగలం?

అయినా ప్రయత్నిస్తామంటే ఎల్ఏతో చేయండి. ఫిబ్రవరి మొదట్లోనే పూత అయిపోతుంది కాబట్టి ఆకులకు కాస్త సమయం దొరుకుతుంది. తవ్విన గడ్డను తడి లేని కోకోపీట్‌లో కాకుండా, పిండితే చుక్క రాని తేమ ఉన్న కోకోపీట్‌లో, రంధ్రాలున్న పాలిథిన్ సంచిలో పెట్టండి. అరటి, యాపిల్ ఉన్న ఫ్రిజ్‌లో వద్దు, వాటి నుంచి వచ్చే ఇథిలీన్‌కు లోపలి మొగ్గ చస్తుంది. సంచి మీద పేరు పెద్దగా రాయండి, చూసేవాళ్లకు అది ఎల్లిగడ్డలాగే ఉంటుంది. ఓరియంటల్ గడ్డలనైతే ఎరువు గుంతలో వేసి, కుండీలోని మట్టిని ఉప్పు పోయేలా కడిగి బంతి నారుకు వాడుకోండి.